గ్రూప్‌-1 మెయిన్స్‌: మన జవాబు తోటివాళ్లు దిద్దితే

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మెయిన్స్‌కి చదివేవాళ్లు చాలామంది చదవడం దగ్గరే ఆగిపోతున్నారు. పేపరుకు 150 మార్కులు, మూడు గంటలు. అక్కడ చెయ్యి ఆడాలి. రాసింది దిద్దే మనిషి మాత్రం మన ఊళ్లలో దొరకడు. నాది పలాస. నాతో కలిసి చదివే మిగతా నలుగురిదీ కవిటి, టెక్కలి, బొబ్బిలి, చీపురుపల్లి. ఒకచోట కలవడం అయ్యే పని కాదు కాబట్టి గూగుల్ క్లాస్‌రూమ్‌లో ఒక క్లాసు తెరిచాను. మామూలు జీమెయిల్ ఉంటే సరిపోతుంది.

శనివారం సాయంత్రం ప్రశ్న పెడతాం. టైమర్ పెట్టుకుని కాగితం మీదే రాసి, ఫోన్‌తో స్కాన్ చేసి పంపాలి. క్లాస్‌రూమ్‌లో పెట్టిన పేపరు టీచరుగా ఉన్నవాళ్లకే కనిపిస్తుంది. అందుకని పేర్లు తీసేసి, నంబర్లు వేసి, డ్రైవ్‌లో తలా ఒకటి నేనే పంచుతాను. చేతిరాత గుర్తుపట్టరా అంటే, పడతారు. అయినా పేరు లేని పేపరు మీద ఉన్నమాట రాయడానికి మొహమాటం తగ్గుతుంది.

మొదటి నెల మాత్రం పేర్లతోనే, మార్కులతోనే నడిపాం. ఒక చెల్లెలి పేపరు మీద పదికి మూడు వేసి, పక్కన ‘వీక్’ అని ఒక్క మాట రాశారు. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. ఎలా దిద్దాలో చెప్పకుండా పేపర్లు పంచేశాను, ఆ తప్పు నాది. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

ఆ తర్వాత మార్కులు మానేశాం. ‘బాగుంది’, ‘ఇంకా ఇంప్రూవ్ చెయ్యాలి’ లాంటివి రాయకూడదు. ప్రతి కామెంటూ జవాబులోని ఒక వాక్యాన్ని పట్టుకుని ఉండాలి. కొత్తవాళ్లు చేరితే ముందు ఒక పాత జవాబును గూగుల్ మీట్‌లో అందరం పైకి చదువుకుంటూ కలిసి దిద్దుతాం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ వ్యాధి మీద నేనొకసారి ‘తాగునీటి వల్లే ఈ జబ్బు వస్తోంది’ అని రాసేశాను. ఆ వాక్యం పక్కన కామెంటు: ‘వల్లే అని తేలిందా? కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయం కాలేదు కదా. అనుమానిస్తున్న కారణాల్లో నీరు ఒకటి అంటే సరిపోదా?’ రాసింది కవిటి మిత్రుడని వెంటనే తెలిసిపోయింది. ఆ జబ్బును ఇంటి పక్కనే చూస్తున్న మనిషి. ఒక్క ‘వల్లే’ నా జవాబును ఎంత తప్పుదారి పట్టించిందో ఏ గైడూ నాకు చెప్పలేదు.

నిజానికి దిద్దించుకోవడం కన్నా దిద్దడంలోనే నాకు ఎక్కువ వచ్చింది. 2018 అక్టోబరు తిత్లీ తుపాను ఉదాహరణగా విపత్తు నిర్వహణ గురించి అడిగితే, నాకు వచ్చిన పేపరులో రెండు పేజీలూ కూలిన కొబ్బరి, జీడి చెట్లే. హెచ్చరికలు, తరలింపు, పునరావాసం ఒక్క లైనూ లేవు. అది చదువుతుంటే నా పేపరు కళ్లముందు కదిలింది. నేనూ నష్టాలే రాశాను.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. కామెంట్లు చదివి ఊరుకుంటే ఏమీ మిగలదు, అదే జవాబు మళ్లీ రాయాలి. మా దగ్గర మంగళవారం రాత్రి పదింటికల్లా రెండోసారి రాసింది పెట్టనివాళ్లకు, వచ్చే వారం ఎవరి పేపరూ పంపను.