చిటికెన వేలి మీద కూడా నేను లేను

తిరుపతికి వచ్చిన మూడో రోజు, పాప చెప్పుల కోసం సూట్‌కేసు వెతుకుతుంటే ఒక కాగితం దొరికింది. అరచెయ్యి ఆనించి చుట్టూ గీసిన బొమ్మ. దుబాయ్‌లో వాళ్ల స్కూల్లో చేయించారట: ఇబ్బందేదైనా వస్తే ఎవరికి చెప్పుకుంటావో, వేలికొక పేరు రాయాలి. బొటనవేలు వాళ్లమ్మ. ఆ తర్వాత క్లాస్ టీచర్, కౌన్సిలర్, బస్సు ఆంటీ. చిటికెన వేలు బైరాగిపట్టెడ అవ్వకి, అంటే మా అమ్మకి.

రోజుకు పదిసార్లు "ఈపు పగలగొడతా మే" అనే మనిషి! మరి నేనేడీ?

ఈ విషయంలో నన్ను మించిన తండ్రి లేడనుకునేవాణ్ణి. స్కూల్లో చేర్చేటప్పుడు ఫీజు కంటే ముందు సేఫ్‌గార్డింగ్, అంటే పిల్లల భద్రతకు స్కూలు పెట్టుకునే ఏర్పాట్ల సంగతి అడిగాను. పిల్ల ఏదైనా చెబితే "ఎవరికీ చెప్పనులే" అని టీచర్ మాటివ్వకూడదు, ఆ బాధ్యత చూసేవాళ్లకు వెంటనే చేరవేయాలి. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. అక్కడి పిల్లల హక్కుల చట్టం, 2016 నాటి వదీమా చట్టం గురించి కూడా అడిగాను. మొన్న మా బావతో వాదన. పిల్లల మీద లైంగిక నేరాలకు మన పోక్సో చట్టం 2012లోనే వచ్చింది బావా, తెలిసీ చెప్పకపోవడం నేరం, టీచరుకే కాదు ఎవరికైనా, అన్నాను. బడిలో కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పిందన్నాను. "అయన్నీ సరే, బెత్తం లేకుంటే సీటెట్లొస్తాది?" అన్నాడు. వాళ్లబ్బాయి హాస్టల్లో చదువుతున్నాడు.

"నన్నెందుకు రాయలేదు?" అని పాపను అడగకూడదనుకున్నాను. అరగంట ఆగలేకపోయాను.

"నువ్వు వినవు కదా నాన్నా. పెళ్లిలో."

రెండేళ్ల కిందట, చిత్తూరులో. మా పెద్దాయనొకరు, పిల్లలు కనబడితే బుగ్గ గిల్లి, ముద్దు పెట్టించుకోనిదే వదలడు. పాప "వద్దు" అంది. ఆ మాట గట్టిగా అనమని ఇంట్లో అద్దం ముందు నిలబెట్టి నేర్పింది నేనే. "తాతే కదమ్మా, ఏమైతాది" అని వీపు మీద చెయ్యేసి ముందుకు నెట్టిందీ నేనే. ఆయనలో చెడు ఉందని ఇప్పటికీ అనుకోను. పాపకి గుర్తున్నది నా చెయ్యి.

ఆ రాత్రి అవ్వకి చెప్పుకుందట. "ఇష్టం లేకుంటే దూరం నుంచే దండం పెట్టు. ఎవురన్నా ఏమన్నా అంటే నా కాడికి పంపు" అందట. పోక్సో పేరు కూడా విననామె.

తోటి తల్లిదండ్రులకు నాలుగు మాటలు చెబుదామనే ఇది మొదలుపెట్టాను. కానీ నా సంగతి చూడండి. "ఈపు పగులుతాది" అనే మాట దుబాయ్‌లో నా నోట రాదు. పాప స్కూల్లో చెబితే కౌన్సిలర్ నుంచి ఫోనొస్తుందని భయం. రేణిగుంటలో దిగానో లేదో, ఆ మాట నోట్లోకి దానంతటదే వచ్చేసింది. ఇన్నాళ్లూ నేను కాపాడింది పాపనా, నన్నా?

ఎల్లుండి చిత్తూరులో ఇంకో పెళ్లి. 2022లో జిల్లాలు విడిపోయాయిగానీ చుట్టాలు విడిపోలేదు, ఆయనా వస్తాడు. ముందే చెప్పేద్దామని ఈ పొద్దున ఫోన్ చేశాను. రెండుసార్లు గొంతు సవరించుకున్నాను.

"బాగుండావా నాయనా? పాపను తప్పకుండా తీసకరా, చూసి ఎన్నాళ్లయిందో" అన్నాడు.

"సరే పెదనాయనా" అన్నాను.