గాలి లీకులు కట్టినా కరెంటు బిల్లు అనుకున్నంత ఎందుకు తగ్గదు?

ఫ్యాక్టరీలో కంప్రెస్డ్ ఎయిర్ (కంప్రెసర్ నొక్కి పైపుల్లో పంపే గాలి) అంత ఖరీదైన శక్తి మరొకటి ఉండదు. కంప్రెసర్ మోటారు లాగే కరెంటులో 10–15 శాతమే గాలితో చేసే పనిగా మారుతుంది, మిగతాది వేడిగా పోతుంది. పట్టించుకోని ప్లాంటులో ఆ గాలిలోనూ 20–30 శాతం లీకులపాలే. 7 బార్ ప్రెషర్ ఉన్న గాలి లైనుకు 3 మిల్లీమీటర్ల రంధ్రం పడితే దాదాపు 3 కిలోవాట్లు ఊరికే పోతున్నట్టు.

కొలవడం తేలిక. ఉత్పత్తి ఆగిన రోజున ఒక్క కంప్రెసర్ మాత్రం నడపండి. మెషిన్ల దగ్గరి వాల్వులు మూయొద్దు. మూస్తే సగం లీకులు వాటి వెనకే దాక్కుంటాయి. లోడ్ సమయం (కంప్రెసర్ గాలి నింపే సేపు), అన్‌లోడ్ సమయం (మోటారు తిరుగుతున్నా గాలి నింపని సేపు) అయిదారు సార్లు రాసుకుని సగటు తీయండి. లోడ్ 90 సెకన్లు, అన్‌లోడ్ 210 సెకన్లు వచ్చిందనుకుందాం. గాలి ఎవరూ వాడటం లేదు కాబట్టి నింపిందంతా లీకులకే: 300లో 90, అంటే 30 శాతం లీకు. నిమిషానికి 6 ఘనపు మీటర్లిచ్చే 37 కిలోవాట్ల స్క్రూ కంప్రెసర్‌లో అది 1.8 ఘనపు మీటర్లు, సుమారు 11 కిలోవాట్లు.

లీకులు ఎక్కువగా పెద్ద పైపుల్లో కాదు, చివర్లలో ఉంటాయి: క్విక్ కప్లింగులు, హోస్ క్లాంపులు, ఫిల్టర్ గిన్నెలు, సిలిండర్ సీళ్లు. సబ్బు నీళ్లు చాలు. పైకప్పు దగ్గరి జాయింట్లకు మాత్రం అల్ట్రాసోనిక్ డిటెక్టర్ కావాలి. దొరికిన చోటల్లా ట్యాగు కట్టకపోతే రెండో రోజుకే మర్చిపోతారు.

అన్నీ కట్టాక కూడా మీటరు అనుకున్నంత దిగదు. స్థిర వేగంతో తిరిగే స్క్రూ కంప్రెసర్ అన్‌లోడ్‌లో ఉన్నా పూర్తి లోడ్ కరెంటులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా తింటూనే ఉంటుంది. పై ఉదాహరణలో లీకు 30 నుంచి 10 శాతానికి దిగితే 7 కిలోవాట్లు మిగలాలి. అన్‌లోడ్ తిండి పోగా చేతికొచ్చేది 5. పైగా లైనులో ప్రెషర్ పెరిగి, మిగిలిన లీకులు మరింత ఊదుతాయి. కాబట్టి రిపేరు అయిన రోజే సెట్ ప్రెషర్ దించాలి, అరబారు చొప్పున, చివరి మెషిన్ దగ్గర గేజీ చూస్తూ. 7 బార్ ప్రాంతంలో ఒక బార్ దించితే 6–7 శాతం కరెంటు మిగులుతుంది. రెండు కంప్రెసర్లు నడుస్తుంటే రెండోదాన్ని ఆపేయగలరేమో చూడండి. అసలు లాభం అక్కడే.

గాలిలోంచి దిగిన నీళ్లను నిర్ణీత సమయానికోసారి బయటికి వదిలే టైమర్ డ్రెయిన్ వాల్వులు కూడా లీకులే, కాకపోతే మనమే పెట్టుకున్నవి. వానాకాలపు తేమకు సెట్ చేసిన టైమర్ ఎండాకాలంలో నీళ్లకు బదులు గాలి వదులుతుంది. నీటి మట్టం చూసి తెరుచుకునే డ్రెయిన్ పెడితే ఆ బెడద ఉండదు. లోపల నూనె తిరిగే కంప్రెసర్ వదిలే నీళ్లలో నూనె కలిసి ఉంటుంది. వాటిని నేరుగా కాలవలోకి వదలకుండా, నూనె వేరుచేసే సెపరేటర్ మీదుగా పంపాలి.