పదిహేనో అంతస్తులో అమ్మ ఎర్రబడింది

శనివారం. పొద్దుటినుంచీ ఒకటే వాన. బట్టలు ఉతికే పని ఎలాగూ లేదు. పదకొండుకల్లా టమాటా పప్పు, దొండకాయ వేపుడు చేసి పడేశాను. ఈయన ఊళ్ళో లేరు, పిల్లాడికి సెలవు. ఇంకేం, లాప్‌టాప్ తీసి, పెద్ద భవనం కట్టి నడిపే ఆట సిమ్‌టవర్ పెట్టుకున్నాను.

కాలేజీ ల్యాబ్‌లో ఎవరో ఎక్కించి పెట్టిన ఆట ఇది. అప్పట్లో రికార్డులు రాసుకోవడం మానేసి మరీ ఆడేవాళ్ళం. జపాన్‌లో యూట్ సైటో అనే ఆయన తయారుచేశాడు, అక్కడ దాని పేరు ‘ద టవర్’. ఊళ్ళు కట్టే ఆట సిమ్‌సిటీ చేసిన మాక్సిస్ కంపెనీ 1994లో దాన్నే సిమ్‌టవర్ అని పేరు మార్చి అమెరికాలో అమ్మింది. పదహారు బిట్ల కాలం నాటిది కాబట్టి ఇప్పటి 64-బిట్ విండోస్‌లో నేరుగా తెరుచుకోదు. పాత ప్రోగ్రాములు నడిపే డాస్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, అందులో పాత విండోస్ 3.1 ఎక్కించి, దాని లోపల నడపాలి. ఇంత తతంగం అవసరమా అంటే, నాకు అవసరమే.

చేతిలో 20 లక్షల డాలర్లు పెట్టి ఖాళీ స్థలం చూపిస్తుంది. ముందు లాబీ వెయ్యాలి, దాని పైన ఆఫీసులు. ఒక్కో ఆఫీసుకి 40 వేలు. లిఫ్టుకి మాత్రం ఏకంగా 2 లక్షలు, అంటే ఉన్న డబ్బులో పదోవంతు. భవనాన్ని నిలువునా కోసి పక్కనుంచి చూపించినట్టు ఉంటుంది బొమ్మ. ఏ గదిలో ఎవరు ఏం చేస్తున్నారో అన్నీ కనిపిస్తాయి. ఆఫీసులవాళ్ళు మూడు నెలలకోసారి అద్దె కడతారు. ఫ్లాట్లు మాత్రం ఒకేసారి అమ్మేస్తాం. ఇక్కడే ఒక మెలిక ఉంది. కొన్నవాళ్ళకి నచ్చక వెళ్ళిపోతే తీసుకున్న డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చెయ్యాలి. ఈ రూల్ గానీ మన హైదరాబాద్ నిజాంపేట రోడ్డులో పెడితే ఎంతమంది బిల్డర్లు మిగులుతారో!

హోటల్ గదులు వేశామంటే శుభ్రం చేసేవాళ్ళనీ పెట్టాలి. వాళ్ళు చాలకపోతే గదుల్లోకి బొద్దింకలు వచ్చేస్తాయి, పక్క గదులకి కూడా పాకుతాయి. ఆ గదిని పడగొట్టడం తప్ప మందు లేదు. అయితే ఈ ఆటలో అసలు సంగతి లిఫ్టులే. మామూలు లిఫ్టు 30 అంతస్తులకి మించి పోదు. పదిహేను అంతస్తులకో లాబీ వేసుకుని, ఎక్స్‌ప్రెస్ లిఫ్టులో అక్కడిదాకా తెచ్చి, అక్కడినుంచి మామూలు లిఫ్టు ఎక్కించాలి. ఒకసారి లిఫ్టు మారమంటే మారతారు, రెండోసారి మారమంటే రారు. ఎదురుచూసే మనిషి మొదట నల్లగా ఉంటాడు, కాసేపటికి గులాబీ రంగులోకి తిరుగుతాడు, ఆ తర్వాత ఎర్రబడతాడు. ఎర్రబడ్డవాళ్ళు ఎక్కువైతే ఆఫీసు ఖాళీ.

మావాడు ఎనిమిదో తరగతి. వెనకాల నిలబడి, “ఇవేం గ్రాఫిక్స్ అమ్మా, చీమల్లా ఉన్నారు” అన్నాడు. అన్నాడే గానీ కదల్లేదు. భూతద్దం గుర్తుతో ఏ మనిషి మీదైనా నొక్కి పేరు పెట్టొచ్చని చూపించాను. ఇరవై రెండో అంతస్తు ఆఫీసులో ఒకామెకి ‘అమ్మ’ అని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాడు. ఇక ఆవిడ వెంటే పడ్డాం. మధ్యాహ్నం పన్నెండు అయింది. అమ్మ భోజనానికి బయల్దేరింది. లిఫ్టు దగ్గర అప్పటికే వరస ఉంది. వచ్చిన లిఫ్టు నిండిపోయి వెళ్ళిపోయింది. ఇంకొకటి వచ్చింది, ఆవిడ ఎక్కింది, పదిహేనో అంతస్తులో దిగి ఎక్స్‌ప్రెస్ కోసం నిలబడింది. గులాబీ. ఎక్స్‌ప్రెస్ కిందెక్కడో ఉంది. ఎరుపు.

“అమ్మా, నీకు కోపం వచ్చేసింది చూడు!”

రాదూ మరి. మా ఆఫీసులో ఫ్లోర్ నంబర్ కొడితే ఏ లిఫ్టు ఎక్కాలో అదే చెప్పే ఏర్పాటు ఉంది. అయినా తొమ్మిదిన్నరకి అక్కడ నిలబడ్డ మొహాలన్నీ ఇదే రంగులో ఉంటాయి. ఇంకో లిఫ్టు పెట్టెకి డబ్బు పెట్టి, రెండింటిని పదిహేనో అంతస్తులోనే ఆగి ఉండేలా సర్దాను. అమ్మ కాస్త నల్లబడింది. మావాడు ఆవిడకి ప్రమోషన్ ఎప్పుడొస్తుందని అడిగాడు. ఈ ఆటలో ప్రమోషన్ భవనానికే. 300 మంది చేరితే రెండో నక్షత్రం, వెయ్యికి మూడు. అయిదు వేలయ్యాక ఒక వీఐపీ వచ్చి హోటల్ సూట్‌లో దిగి మెచ్చుకుంటే నాలుగు. చివరికి 15 వేల మంది చేరి, వందో అంతస్తులో చర్చి కట్టి, అందులో పెళ్ళి జరిగితే అప్పుడు ‘టవర్’ అంటారు. నేను కాలేజీలో ఆ పెళ్ళి చూడలేదు, ఇప్పుడూ ఆశలేం లేవు.

సైటో ఈ ఆట చేసేటప్పుడు లిఫ్టులు ఏ లెక్కన నడుపుతారో చెప్పమని ఒక లిఫ్టు కంపెనీని అడిగితే వాళ్ళు చెప్పలేదట. చదివినప్పుడు నవ్వొచ్చింది. మా అపార్ట్‌మెంట్ లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చే మనిషీ అంతే. పైకెక్కి ఏదో చేసి, దిగొచ్చి “రోప్ మార్చాలి మేడమ్” అంటాడు. ఎందుకు అంటే “మార్చాలి మేడమ్”.

సాయంత్రం ఆ రోప్ గురించే మీటింగ్ పెట్టారు, కింద పార్కింగ్‌లో, ప్లాస్టిక్ కుర్చీల్లో. ఇక్కడికొచ్చేసరికి ఆట చేతులెత్తేస్తుంది. సిమ్‌టవర్‌లో యజమాని ఒక్కరే, అంటే నేనే. లిఫ్టు కావాలనిపిస్తే డబ్బుందా లేదా చూసుకుని మౌస్ నొక్కడమే. అద్దె దానంతట అదే వచ్చి పడుతుంది, ఒక్కరి తలుపు కూడా తట్టక్కర్లేదు. బాంబు పెట్టామని బెదిరించేవాళ్ళని, మంటల్ని, చివరికి సంవత్సరాంతంలో ఆకాశంలో వెళ్ళే శాంటా క్లాజ్‌ని కూడా గుర్తుపెట్టుకుని చేర్చారు గానీ, మెయింటెనెన్స్ ఎగ్గొట్టేవాణ్ణి చేర్చడం మర్చిపోయారు. నా లెక్కలో అది పెద్ద లోటు. బిల్డింగ్ నడపడమంటే తొంభై పాళ్ళు వసూళ్ళే.

“మేము మెట్లెక్కి వెళ్తాం, లిఫ్టుతో మాకేం పని?” అని ఫస్ట్ ఫ్లోర్ అంకుల్ యథాప్రకారం మొదలుపెట్టారు. “మరి గ్యాస్ సిలిండర్ దేంట్లో వస్తుందండీ?” అని అయిదో అంతస్తు ఆంటీ. సిలిండర్ మీంచి మాట నీళ్ళ ట్యాంకర్ మీదకి, అక్కణ్ణుంచి ఎవరి కారు ఎవరి స్థలంలో పెడుతున్నారనే దాని మీదకి వెళ్ళింది. మా పక్క ఫ్లాటు బామ్మగారు, మోకాళ్ళ నొప్పులావిడ, ఒక్క మాట కూడా మాట్లాడకుండా కూర్చున్నారు. లిఫ్టు ఆగిపోతే ఆవిడ గుడికి కూడా దిగలేరు. మావాడు నా చెవిలో “ఈ బామ్మగారు ఏ రంగు అమ్మా?” అన్నాడు. గిల్లాను.

గంటన్నర తర్వాత అంకుల్ మెత్తబడ్డారు. బామ్మగారి మొహం చూసో, దోమలు కుట్టో తెలీదు. “సరే, సగం ఇస్తాను. కానీ నాకు రసీదు కావాలి” అన్నారు. సెక్రటరీ గారు హుషారుగా లేచి, రసీదు పుస్తకం తన దగ్గర లేదని, పాత సెక్రటరీ గారు ఇచ్చినట్టు గుర్తులేదని చెప్పారు. పాత సెక్రటరీ గారు ఇచ్చేశానన్నారు. మోటార్ రూమ్‌లో ఉందేమో చూడమని వాచ్‌మన్‌ని పంపారు.