దెబ్బ కొడితేనే వెలిగే బ్యాటరీ లైటు

బ్యాటరీ లైటు వెలగకపోతే అరచేత్తో ఓ దెబ్బ వేయడం మనందరికీ తెలిసిన వైద్యమే. మా అమ్మయితే లైటు చేతికిస్తూనే "ఒక్కటి తగిలించరా, వస్తుంది" అంటుంది. నిజంగానే వస్తుంది. దెబ్బకి వెలిగిందంటే సెల్లూ బాగున్నాయి, ఎల్‌ఈడీ కూడా బాగుంది. దారిలో ఎక్కడో రెండు లోహాలు తాకే చోట మురికి అడ్డుపడుతోందన్నమాట.

మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కాలనీలు మునిగినప్పుడు కరెంటు లేని రాత్రులు ఈ లైటుతోనే గడిపాం. తడి చేతులతో పట్టుకున్నాం, తడి గుడ్డల పక్కనే పెట్టాం. అప్పట్నుంచి దానికి ఈ జబ్బు. సరిగ్గా మెట్లు దిగుతున్నప్పుడే ఆరిపోయేది.

విప్పగానే కనిపించినదల్లా తోమాలనిపిస్తుంది. దానికంటే లోపం ఎటువైపుందో ముందు తేల్చుకోవడం మేలు. వెనక మూత తీసేసి, సెల్లు గొట్టంలోనే ఉంచి, రాగి తీగ ముక్క ఒక కొసను సెల్లు అడుగున, రెండో కొసను గొట్టం అంచున నొక్కి పట్టాను. ధగధగా వెలిగింది. ఎంత ఊపినా మినుకుమనలేదు. ఇక ముందు భాగం జోలికి పోనక్కర్లేదు. దోషం మూతలోనో, మూత గొట్టాన్ని తాకే చోటనో ఉంది.

మూత లోపల స్ప్రింగు చుట్ల మధ్య తెల్లటి పొడి, దాన్ని పట్టుకున్న ఇత్తడి బిళ్ల మీద పచ్చగా చిలుము. ఆ పొడిని దేంతో తుడవాలన్నది సెల్లును బట్టి ఉంటుంది. చవక సెల్లకు పైడబ్బానే జింకు. వాడేకొద్దీ అదే తరిగి పలచబడి, చివరికి చిల్లుపడి లోపలి మందు కారుతుంది. అది ఆమ్లం జాతి కాబట్టి తడిపిన వంటసోడా సరిపోతుంది. ఆల్కలైన్ సెల్లు కారితే వచ్చేది క్షారం. దానికి నిమ్మరసమో వెనిగరో కావాలి. నేను వాడేవి ఆల్కలైన్. ఇయర్‌బడ్‌ని నిమ్మరసంలో ముంచి అద్దగానే పొడి సన్నగా నురగ కట్టి కరిగిపోయింది. ఇత్తడి చెంబుకు చింతపండు పనిచేసినట్టే చిలుమూ వదిలింది. ఆ పొడి కంట్లో పడితే మాత్రం ప్రమాదం, చేతులు కడుక్కునేదాకా ముఖం తాకకూడదు.

తర్వాత తడిగుడ్డతో తుడిచి, పైన ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) పూశాను. దానికోసం గవర్నర్‌పేటలో మొబైల్ విడిభాగాల దుకాణానికి వెళ్తే, "టార్చికా అన్నా? దీని బదులు కొత్తదే వస్తుంది కదా" అన్నాడు కుర్రాడు. వస్తుంది, కొన్నాళ్లకి అదీ ఇలాగే ఆరుతుంది. ఐపీఏ ఒక చుక్క మూతలోని స్విచ్చిలోకి కూడా వదిలి, టకటకా నొక్కుతూ కూర్చున్నాను. స్ప్రింగుకి ఉప్పుకాగితం మాత్రం తగలనివ్వలేదు. పైనున్న నికెల్ పూత గీసుకుపోతే కింది ఇనుముకు తుప్పు ఖాయం. పిల్లల పెన్సిల్ రబ్బరుతో రుద్దితే చాలు.

అసలు దొంగ ఇంకోటుంది: గొట్టం అంచు. మా లైటుకి మర మీద కూడా నల్ల పూత ఉంది, దాంట్లోంచి కరెంటు పోదు. పూత లేని ఆ సన్నటి అంచొక్కటే దారి. అల్యూమినియం గాలి తగిలితే ఆక్సైడు పొర కడుతుంది, అదీ కరెంటును పోనివ్వదు. ఇక్కడ గీసుకుపోవడానికి పూత లేదు కాబట్టి నున్నటి ఎమరీ పేపరు అద్దం మీద పరిచి, అంచును బోర్లించి మెల్లగా తిప్పాను. బూడిదరంగు పోయి తెల్లగా మెరిసింది.

కరెంటుకి అడ్డు (నిరోధం) ఎంతుందో మల్టీమీటరుతో చూస్తే స్ప్రింగుకీ అంచుకీ మధ్య ముందు ఒకటీ రెండు ఓముల మధ్య గెంతులేసిన అంకె ఇప్పుడు సున్నా దగ్గర నిలబడింది. ఒక ఓమే కదా అనిపించొచ్చు. అర ఆంపియరు లాగే లైటులో ఆ ఒక్క ఓమే అర వోల్టు మింగేస్తుంది. రెండు సెల్లు కలిపినా ఉండేది 3 వోల్టులే. మరకీ రబ్బరు రింగుకీ పలచగా సిలికాన్ గ్రీజు రాశాను, అంచుకి అంటకుండా.

మిగిలిన ఐపీఏతో టీవీ రిమోట్ కూడా విప్పాను. దాని స్ప్రింగులు శుభ్రంగానే ఉన్నాయి. బొత్తాల కింద రబ్బరుకి నల్లటి కార్బన్ పూత ఉంటుంది, జిడ్డు పట్టింది అక్కడ. దాన్ని మాత్రం మెత్తగా అద్దాలి, రుద్దితే పూతే లేచిపోతుంది.