కుట్టుమిషను పక్కన బైబిలు

మా క్రైస్తవ సంఘంలో డిసెంబరు 31 రాత్రి కూడికలో అందరికీ కొత్త ఏడాదికి ఒక్కో బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డులు ఇస్తారు. ఒక ఏడాది నాకు యిర్మీయా 29:11 వచ్చింది. దేవుడు మన కోసం తలపెట్టినవి మేలుకే గాని కీడుకు కావని చెప్పే వచనం. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో గోడ మీద, క్యాలెండరు మీద ఎక్కువగా కనబడే వాటిలో ఇదొకటి. దుకాణంలో అద్దానికి అంటించబోతూ, దీనికి ముందు ఏముందో చూద్దామని బైబిలు తెరిచాను. పై వచనంలోనే ఉంది: బబులోనులో 70 ఏళ్లు గడిచాక. ఇంకా పైన, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పరాయి పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఉంది. అంటే వెంటనే తిరిగి వెళ్తామని ఆశ పెట్టుకోవద్దని బబులోనుకు చెరగా వెళ్లిన యూదులకు రాసిన ఉత్తరం అది. కార్డు వేసినవాళ్లు 70 ఏళ్ల మాట ఎందుకు వదిలేశారో అర్థం చేసుకోగలను. అంత పెద్ద కార్డు ఎవరు కొంటారు?

అప్పుడే అనుకున్నాను, ఈ ఏడాది ముక్కలు ముక్కలుగా కాదు, మొత్తం చదువుదామని.

పాలకొల్లులో జాకెట్లు కుట్టే చిన్న దుకాణం నాది. పుట్టి పెరిగింది నరసాపురం దగ్గర. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ మిషనరీ కుటుంబాలు తర్వాత నరసాపురం కేంద్రంగా చేసిన పని నుంచి ఈ డెల్టాలో చాలా సంఘాలు పుట్టాయి. మాది అలాంటి సంఘమే. ప్రతి ఆదివారం రొట్టె విరిచే ఆరాధన, బుధవారం ప్రార్థన, శుక్రవారం సహోదరీల కూడిక. వాక్యం వినడానికి నాకు ఏనాడూ కరువు లేదు. అయితే విన్నదంతా ఎవరో ఎంచిన భాగాలే. 23వ కీర్తన, యోహాను 3, రోమా 8, మళ్లీ 23వ కీర్తన.

బైబిలులో 1189 అధ్యాయాలు. పాత నిబంధనలో 929, కొత్త నిబంధనలో 260. పొద్దున్నే దుకాణం తీసేముందు పాత నిబంధనలో మూడు, రాత్రి పడుకోబోయేముందు కొత్త నిబంధనలో ఒకటి చదవాలని పెట్టుకున్నాను. రోజుకు మూడు చొప్పున 929 అధ్యాయాలకు 310 రోజులు చాలు. ఇంకా 55 రోజులు మిగులుతాయి. తేదీలు వేసి అచ్చు వేసిన పట్టికలు దొరుకుతాయి గాని, వాటితో నాకు పడదు. నాలుగు రోజులు వెనకబడ్డామంటే ఆ పట్టిక అప్పులవాడి చీటీ అయిపోతుంది. ముహూర్తాల రోజుల్లో రాత్రి పన్నెండు దాకా మిషను తొక్కేవాళ్లకు ఆ 55 రోజుల వెసులుబాటు లేకపోతే ఈ పని కాదు.

మొదటి దెబ్బ జనవరి మొదటి వారంలోనే తగిలింది. రాత్రి చదివేది మత్తయి గనక అయిదో రోజుకే కొండమీది ప్రసంగం. 37వ వచనం: మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు ఉండాలి. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టిన వచనమే. కానీ అది సంక్రాంతికి తొమ్మిది రోజుల ముందు, దుకాణంలో సంచులు గుట్టలుగా పడి ఉన్నప్పుడు నా ముందుకు రావడం వేరు.

టైలర్ల సంగతి అందరికీ తెలిసిందే. "భోగికి కావాలి" అంటే "ఇచ్చేస్తాలెండి" అంటాం. అది అబద్ధమని మేమూ అనుకోం, నిజమని వాళ్లూ అనుకోరు. అందుకే వాళ్లు పండక్కి నాలుగు రోజులు ముందు తేదీ చెబుతారు, మేము నాలుగు రోజులు వెనక్కి జరుపుతాం. ఇద్దరికీ తెలిసిన ఆట అది. ఆ మర్నాడు ఒకావిడ మూడు పట్టు జాకెట్లు, ఆది జాకెట్టుతో సహా తెచ్చి బల్ల మీద పెట్టింది. నోటి చివర దాకా వచ్చిన మాటను ఆపి, "పండక్కి ఒక్కటే ఇవ్వగలనండీ, మిగతా రెండూ కనుమ వెళ్లాకే" అన్నాను. ఆమె నా ముఖం వంక చూసి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అంది. తర్వాత మూడూ తీసుకుని ఎదురు వీధిలో దుకాణానికి వెళ్లిపోయింది. అక్కడ వాళ్లు "ఇచ్చేస్తాలెండి" అనే ఉంటారు.

ఆ సంక్రాంతికి రాబడి తగ్గింది. నిజం చెబితే వ్యాపారం పెరుగుతుందని సాక్ష్యాలు చెప్పేవాళ్లను విన్నాను, నా విషయంలో అలా జరగలేదు. ఒక్కటి మాత్రం జరిగింది. చీటీ మీద తేదీ రాసేముందు చేతిలో ఎన్ని ఉన్నాయో, కాజాలకు ఎంత పడుతుందో, కరెంటు ఎంతసేపు పోతుందో లెక్క వేసుకోవడం అలవాటైంది. ఇన్నేళ్లుగా ఒక జాకెట్టుకు నాకు అసలు ఎంతసేపు పడుతుందో నాకే సరిగ్గా తెలియదన్న సంగతి అప్పుడు బయటపడింది.

జనవరి చివర్లో నిర్గమకాండము రెండో సగం వచ్చింది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఎడారిలో ఇశ్రాయేలీయులు ఆరాధనకు వేసుకున్న డేరా, అదే ప్రత్యక్ష గుడారం, దాని తెరలు, కొలతలు, కమ్ములు, దిమ్మలు. నాకు మాత్రం ఆ పేజీలు పండుగ. పది తెరలు, ఒక్కొక్కటి 28 మూరల పొడవు, నాలుగు మూరల వెడల్పు. అయిదేసి తెరలు ఒకదానికొకటి కూర్చి, ఆ రెండు పెద్ద తెరల అంచులకు యాభయ్యేసి నీలి కొలుకులు కుట్టి, యాభై బంగారు గుండీలతో కలపాలి. ఇది చదివి, చాక్ ముక్కతో బల్ల మీద బొమ్మ వేసుకున్నాను. ఎదురెదురు కొలుకులు అర అంగుళం తేడా వచ్చినా తెర ముడతలు పడుతుంది. ఎంత చేయి తిరిగినవాళ్లు కుట్టి ఉంటారో!

28వ అధ్యాయంలో ప్రధాన యాజకుని నిలువుటంగీ దగ్గర ఇంకా ఆశ్చర్యం. తల దూర్చే రంధ్రం చినిగిపోకుండా చుట్టూ నేతపనితో గోటు ఉండాలట. ప్రతి జాకెట్టుకూ మెడ చుట్టూ నేను వేసే పైపింగు పని అదే! మెడ దగ్గర ఏటవాలు గుడ్డ సాగుతుందని, అక్కడే ముందు చినుగుతుందని దేవుడు మోషేతో మాట్లాడిన సీనాయి కొండ మీద కూడా మాట వచ్చిందన్నమాట. ప్రసంగాల్లో ఈ వచనం ఎప్పుడూ వినలేదు. చెప్పేవాళ్లు మగవాళ్లు కావడం వల్ల కావచ్చు, వాళ్ల చొక్కాలు ఎవరో కుట్టిపెడతారు. 35వ అధ్యాయంలో చేతులతో నూలు వడికిన స్త్రీల మాట, 38లో దాను గోత్రికుడైన అహోలీయాబు బుటాపని మాట ఉన్నాయి. ఆరాధన అంటే ఆదివారం ముసుగు వేసుకుని కూర్చునే సమయమని, మిషను ముందు కూర్చునేది బతుకుతెరువని నా మనసులో ఉన్న అడ్డుగీత ఆ వారంలో చాలావరకు చెరిగిపోయింది. అప్పటి నుంచి లైనింగు గుడ్డ నానబెట్టకుండా కత్తెర వేయబోతే చేయి ఆగుతుంది.

లేవీయకాండము 19వ అధ్యాయం ఫిబ్రవరిలో. కూలివాని కూలి మర్నాటి ఉదయం దాకా నీ దగ్గర ఉంచుకోవద్దు అని 13వ వచనం. నా దగ్గర హుక్కులు, కాజాలు, చేతి కుట్టు చేసే అమ్మాయి ఒకరు ఉంది. శనివారం లెక్క చూసి డబ్బు ఇచ్చేదాన్ని. మా వీధిలో అందరిదీ అదే పద్ధతి, ఎవరూ తప్పుపట్టరు. నన్ను కదిలించింది మా అమ్మ. ఆమె లేసు అల్లేది. నూలు తూచి ఇచ్చి, అల్లిక తూచి పుచ్చుకునే మధ్యవర్తి, కూలి డబ్బు అడిగితే "పైనుంచి రాలేదమ్మా, వచ్చే వారం" అనేవాడు. వచ్చే వారం వస్తే ఇంకో వచ్చే వారం. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. అల్లిన చేతులకు ఏ రోజు డబ్బు ఆ రోజు అందుతుందా అన్నది వేరే సంగతి.

సరే, ఏ రోజుది ఆ రోజే ఇద్దామని మొదలుపెట్టాను. చెప్పినంత తేలిక కాదు. కుట్టించుకునేవాళ్లలో సగం మంది జాకెట్టు పట్టుకెళ్లి డబ్బు తర్వాత ఇస్తారు. అందులో మా సంఘంవాళ్లే ఎక్కువ, "మనవాళ్లమే కదా" అన్న ధైర్యం. ఇంటి ఖర్చులోంచి తీసి ఇచ్చిన రోజులున్నాయి. ఇంత చేస్తే, వారం తిరక్కుండానే ఆ అమ్మాయి నసుగుతూ, "అక్కా, రోజూ ఇవ్వకండి. ఇంటికెళ్లగానే ఆయన తీసేసుకుంటున్నాడు. శనివారమైతే ఇటు నుంచి ఇటే మా అమ్మ దగ్గర ఇచ్చి వెళ్తాను" అంది.

ఏం చేయాలో తోచలేదు. వచనం ఒకటి చెబుతోంది, ఎవరి మేలు కోసం ఆ వచనం ఉందో ఆ మనిషి ఇంకొకటి చెబుతోంది. సంఘంలో ఒక పెద్దాయనను అడిగితే, "ఆమె అడిగినట్టు చెయ్యమ్మా, నీ దగ్గర మాత్రం నిలవ ఉంచకు" అన్నారు. ముందు అర్థం కాలేదు. తర్వాత ఒక రేకు డబ్బా కొని, తాళం వేసి, తాళంచెవి ఆమెకే ఇచ్చాను. సాయంత్రం లెక్క చూసి డబ్బు అందులో వేస్తాను. ఎప్పుడు తీసుకుంటుందో ఆమె ఇష్టం. ఆమె క్రైస్తవురాలు కాదు. ఇదంతా ఎందుకని అడిగితే ఆ వచనం చూపించాను. చదివి, "మా ఆయన పనిచేసే చోట కూడా ఇది చదివితే బాగుండు" అంది.

ఏప్రిల్ చివర, పెళ్లిళ్ల మధ్యలో దినవృత్తాంతములు మొదటి గ్రంథం. తొమ్మిది అధ్యాయాల నిండా పేర్లు. నిద్ర, చెమట, పేర్లు. గట్టిగా చదివితేనే సాగింది, అదీ పరుగులో. 4వ అధ్యాయం 21వ వచనంలో ఒక్కసారి కళ్లు తెరుచుకున్నాయి: సన్నపు నార బట్టలు నేసే ఒక ఇంటివారు. రాజుల వంశావళి మధ్యలో నేతగాళ్లకు అర వాక్యం దక్కింది. పేరు పేరునా చదివినందుకు ఆ పూట కూలి గిట్టింది.

శ్రావణమాసపు రద్దీలో సామెతలు 31 వచ్చింది. ఈ అధ్యాయం మీద నాకు కొంచెం కోపముండేది. స్త్రీల కూడికలు ఎక్కడ పెట్టినా దీన్నే తీస్తారు. తెల్లవారకముందే లేచి అందరికీ వండిపెట్టాలన్న దగ్గర స్వరం పెంచుతారు. అవతల ఆమె పొలం చూసి తానే కొన్నదని, బట్టలు నేయించి అమ్మి వర్తకులకు నడికట్లు సరఫరా చేసిందని ఉంది. చివరి వచనంలో ఆమె చేతుల కష్టఫలం ఆమెకే ఇవ్వండని ఉంది. అక్కడికి వచ్చేసరికి సమయం అయిపోయిందంటారు. మొత్తం చదవడంలో ఉన్న లాభం ఇదే, ఎవరు ఎక్కడ ఆపారో తెలిసిపోతుంది.

యెషయా నుంచి మలాకీ దాకా లాగడం కష్టమైంది. దసరా రోజుల్లో యెహెజ్కేలు, ఏ జనాంగం మీద ఏ తీర్పో కలగాపులగం అయింది. అర్థమైనంత అయింది, కానిది వదిలేసి ముందుకు పోయాను. వెసులుబాటు రోజులు దాదాపు అన్నీ ఖర్చయ్యాయి. క్రిస్మస్ బట్టల మధ్యలో మలాకీ ముగిసింది.

మనిషినేమీ మారిపోలేదు. అడిగినా డబ్బు ఇవ్వనివాళ్ల మీద కోపం అలాగే ఉంది, ప్రార్థనలో నిద్ర అలాగే వస్తుంది. సహోదరీల కూడికలో నా అనుభవం చెప్పమంటే మెడ గోటు సంగతి, రేకు డబ్బా సంగతి చెప్పాను. కొందరు ఈ ఏడాది మొదలుపెట్టారు. ఒకామె సంఖ్యాకాండము 7 దగ్గర ఆగిపోయానని వచ్చింది. 89 వచనాలు, పన్నెండు గోత్రాల ప్రధానులు, పన్నెండు రోజులు, అందరూ అదే వెండి గిన్నె, అదే ప్రోక్షణపాత్ర తెస్తారు, ప్రతిసారీ పూర్తిగా రాశారు. వదిలేయనా అని అడిగింది. వదలొద్దు, ఎవరి పేరుతో వాళ్ల కానుక విడిగా రాశారు, అదొక్కటే చూసుకుంటూ గబగబా చదివేయమన్నాను. ఆమె ఇప్పుడు ద్వితీయోపదేశకాండములో ఉంది.

నేను మాత్రం ఈసారి లూకా ఒక్కటే, రోజుకు పది వచనాల చొప్పున, పెన్సిలు పట్టుకుని చదువుతున్నాను. 19వ అధ్యాయానికి వచ్చాను. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానంటున్నాడు. దుకాణంలో బల్ల కింద ఎవరూ అడగని లైనింగు ముక్కల సంచులు రెండున్నాయి. మా వృత్తిలో అవి టైలరువే అంటారు. ఆ సంగతి తేలేదాకా 20వ అధ్యాయానికి వెళ్లడం కుదిరేలా లేదు.