ముందు సైటు రెండు మిల్లీమీటర్లు

ఆదివారం. నెల్లూరు ఎండ ఎనిమిదింటికే చురుక్కుమంటోంది. లోపల్నుంచి అమ్మ "కారం దోసె చల్లారిపోతా ఉంది, రారా" అని మూడోసారి పిలిచింది. నేను వరండాలో పాత దుప్పటి పరిచి, దాని మీద ఎయిర్ రైఫిల్ విప్పుకుని కూర్చున్నా. ఒక్క స్క్రూ దొర్లిపోయినా వెతకలేనని లేవలేదు.

కొని ఆరు నెలలైంది. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్లు దాటని శక్తి, కాబట్టి లైసెన్సు అక్కర్లేదు. స్ప్రింగు తుపాకీ కదా, పేల్చిన ప్రతిసారీ లోపల పిస్టన్ దూకి మొత్తం అదురుతుంది. ఆ అదురుకి చెక్కని పట్టి ఉంచే స్క్రూలు మెల్లగా వదులవుతాయి. పోయిన నెల అట్టా వదులైనప్పుడు ఒకటే పక్క బలంగా తిప్పేశా. ఎడమచేయి ఆనే చోట చెక్క బీట తీసింది. ఆ రోజు రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు.

కొత్త చెక్క, దాంతోపాటు గొట్టం కొసన గురి చూసుకునే కొత్త ముందు సైటు శుక్రవారం వచ్చాయి. నిన్న సాయంత్రం ట్రంకు రోడ్డులో గడియారాలు బాగుచేసే తాత దగ్గరికి స్క్రూలు పట్టుకుపోయా. ఆయన భూతద్దం కంట్లో పెట్టుకుని ఒక్కొక్కటీ తిప్పి చూసి, సరిపోయే స్క్రూడ్రైవర్ తీసిచ్చాడు. "మొన గాట్లో నిండుగా కూచోవాలబ్బయా, లేకుంటే తల కొరుక్కుపోద్ది. బిగించేటప్పుడు ఇటొక పావు చుట్టు, అటొక పావు చుట్టు." డబ్బులిస్తే తీసుకోలేదు.

ఈ పొద్దు అట్టాగే చేశా. ముందు గొట్టం వంచి లోపల పెల్లెట్, అంటే చిన్న సీసపు గుండు, లేదని, స్ప్రింగు ఎక్కించి లేదని చూసుకున్నా. పాత చెక్క ఊడదీస్తే స్క్రూ రంధ్రంలో పిండిలాగా చెక్కపొడి. కొత్తదాంట్లో ముందు రెండు స్క్రూలూ చేత్తోనే సగం దాకా పోనిచ్చి, ఆ తర్వాత పావు పావుగా తిప్పా. చెక్క, ఇనుము ఒకదాన్నొకటి పట్టుకున్నాయని వేళ్లకే తెలిసింది.

తర్వాత ముందు సైటు. పాతది నిటారుగా నిలబడ్డ పుల్ల. కొత్తది చిన్న గొట్టం లాంటిది, అందులో ఉంగరం. వెనక సైటు రంధ్రంలోంచి చూస్తే గురి కార్డు మీదుండే 30.5 మిల్లీమీటర్ల నల్ల చుక్క ఆ ఉంగరం మధ్యలో కూర్చోవాలి, చుట్టూ తెల్లటి అంచు సమానంగా కనపడాలి. మొదట పెట్టిన ఉంగరం మరీ ఇరుకు, కన్ను గుంజింది. ఒక సైజు పెద్దది వేస్తే హాయిగా ఉంది.

మా ఇంట్లో వరండా మొదలు నుంచి పెరటి గోడ దాకా సరిగ్గా పది మీటర్లు. గోడకి ఆనించి పాత గుడ్డలు కుక్కిన చెక్కపెట్టె, దాని ముందు కార్డు. తలుపు గడియ పెట్టి, ఇంట్లో అందరికీ చెప్పి కూర్చున్నా. మొదటి మూడు దెబ్బలూ కార్డు మీది వలయాలన్నీ దాటి కింద తెల్ల కాగితంలో పడ్డాయి. పాడుచేశానేమో అని టెన్షన్ పట్టుకుంది. స్కేలు తెచ్చి కొలిస్తే కొత్త సైటు పాతదానికంటే రెండు మిల్లీమీటర్లు ఎత్తు. రెండు సైట్ల మధ్య దూరం 75 సెంటీమీటర్లు. పది మీటర్ల దగ్గరికి ఆ తేడా పదమూడు రెట్లు దాటుతుంది, అంటే దాదాపు 27 మిల్లీమీటర్లు. ముందు సైటు ఎత్తయితే గొట్టం కిందికి వంగుతుంది, గుండు కింద పడుతుంది. కాగితం మీద లెక్క వేసి, వెనక సైటుని కూడా ఆ రెండు మిల్లీమీటర్లే పైకి జరిపా. వెనకది ఎటు జరిపితే దెబ్బ అటే జరుగుతుంది.

మధ్యలో పక్కింటి అన్న గోడ మీదుగా "కొంగల్ని కొట్టేదానికా?" అన్నాడు. కాదన్నా. చిన్నప్పుడు నాన్న నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకెళ్లి గూడబాతుల గూళ్లు చూపించాడు. ఈ తుపాకీ కాగితానికి తప్ప దేనికీ గురిపెట్టను.

ఆఖరి ఐదు దెబ్బలు నల్లచుక్కలోనే, కొంచెం ఎడమగా, రూపాయి బిళ్ళ అంత జాగాలో పడ్డాయి. చెల్లెలు బిళ్ళ పెట్టి మరీ చూసింది. ఎడమవైపు లాగేది వచ్చే ఆదివారం సరిచేస్తా. కార్డు ఈ పేజీకే అంటిస్తున్నా. దోసె చల్లారిపోయినా అమ్మ మళ్లీ ఒకటి వేడిగా పోసింది.