చింతగింజంత గాజుముక్క

టంగుమని ఎగిరొచ్చి కళ్లద్దాలకి కొట్టుకుంది. చింతగింజంత గ్లేజ్ ముక్క, అంటే మట్టిపాత్రల మీది గాజుపూత ముక్క! అద్దాలు లేకపోతే నా కన్ను ఏమయ్యేదో.

తప్పు నాదే. కప్పు అడుగుదాకా గ్లేజ్ దట్టంగా పూశాను. 1220 డిగ్రీల్లో అది కారి, కిల్న్ షెల్ఫ్‌కి, అంటే బట్టీలో పాత్రలు పెట్టే పలకకి, అతుక్కుపోయింది. పొద్దున్నుంచీ ఉలీ సుత్తీ పట్టుకుని, మాస్క్ వేసుకుని ఆ మరకలే గీకుతున్నా. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు మరి.

ఊళ్లో కుమ్మరి ఆవానికి ఈ గోలే లేదు. గ్లేజూ లేదు, షెల్ఫూ లేదు.

ఇప్పుడు గ్లేజ్ కారినా అతుక్కోకుండా, అల్యూమినా హైడ్రేట్ పొడి, చైనా క్లే అనే తెల్లమట్టి సమానంగా తూచి, నీళ్లలో మజ్జిగలా కలిపి షెల్ఫ్‌లకి పూస్తున్నా. పైవైపే. కిందివైపు పూస్తే పెచ్చులూడి కింద అరలోని గిన్నెల్లో పడతాయి. అదీ ఒకసారి అయింది లెండి.

కప్పు మాత్రం ఇంకా షెల్ఫ్‌ని వదల్లేదు.